కరువును కరువన్న దొర

మన పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల రైతులు వానలు ముఖం చాటేసిన ఏడు ఒక ప్రభుత్వ ప్రకటన కోసం ఎదురు చూస్తారు. ఫలానా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించడమైనది అనే ప్రకటన అది. బుడ్డ చేను ఊడ దిగకముందే మాడిపోయిందని, చీనీ చెట్టు కొమ్మలెండిపోతున్నదని, శనగ విత్తు నేలలోనే ఉడికిపోయిందని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆ ఒక్క మాట కాగితం మీద పడితేనే బ్యాంకు అప్పుకు వాయిదా దొరుకుతుంది, పెట్టుబడి రాయితీ వస్తుంది. పడకపోతే ఎంత ఎండినా అది ఎండినట్టు కాదు. పక్క మండలానికి ఆ మాట దక్కి తన మండలానికి దక్కనప్పుడు రైతు పడే బాధ ఈ పత్రిక చదివే చాలా కుటుంబాలకు స్వానుభవమే.

ఒక మాటకు ఇంత బరువుందని ఇంచుమించు రెండు వందల ఏండ్ల కిందటే తెలుసుకొని, ఆ మాట రాసినందుకు పైవారి మందలింపు తిన్న ఒక ఉద్యోగి జీవితం ఈ వారం చెప్పుకుందాం. ఆయన మనకు కొత్తవాడు కాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. వేమన పద్యాలను అచ్చు వేయించినవాడుగా, నిఘంటువు చేసినవాడుగా బడిపిల్లలు కూడా ఆయన పేరు చెబుతారు. తుపాను, కరువు కలిసి వచ్చిన కాలంలో ఆయన ఏ వైపు నిలిచారో మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను ఆంగ్లికన్ సంఘానికి చెందిన గురువు. 1786లో అనాథ పిల్లల ఆశ్రమం బాధ్యత మీద ఆయన కలకత్తా వచ్చారు, తరువాత ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద పదవి వహించారు. అంటే మన బ్రౌను పుట్టి పెరిగిన ఇంటికీ తల్లిదండ్రులు లేని పిల్లల బాగోగులకూ దగ్గరి సంబంధం ఉన్నది. తండ్రి పండితుడు. కొడుక్కు హీబ్రూ, అరబ్బీ, పారశీ, హిందూస్థానీ చిన్ననాడే పరిచయం చేశాడు. 1812లో ఆ తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. బ్రౌను అక్కడ హేలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి చదివి, 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగారు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది నిండలేదు, తెలుగు ఒక్క ముక్క రాదు.

మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు అక్షరాలు దిద్దించారు. 1820లో గవర్నరు సర్ థామస్ మన్రో, కొలువుల్లో చేరబోయే కుర్రవాళ్ళను ఉద్దేశించి, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు ఎందుకూ కొరగాడనే అర్థం వచ్చేటట్లు మాట్లాడారు. మన్రో అప్పటికి ఇరవై ఏండ్ల కిందట మన దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చి ఊరూరా గుడారం వేసుకొని తిరిగినవాడు. ఆయన నోట వచ్చిన ఆ మాట బ్రౌను మనస్సులో నాటుకున్నది. అదే సంవత్సరం ఆగస్టులో ఆయనను కడపకు వేశారు.

కడపలో కలెక్టరు హన్బరీ కింద సహాయకుడి పని. హన్బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. జనం ఆయనను కన్నతండ్రివలె చూసేవారు. అర్జీ పట్టుకొని వచ్చిన రైతు చెప్పేది దుబాసీ నోటి మీదుగా కాక నేరుగా చెవిన పడితే ఎంత తేడా ఉంటుందో బ్రౌను అక్కడ కళ్ళారా చూశారు. జమాబందీ లెక్కలు, శిస్తు తగాదాలు, నీటి తగాదాలు అన్నీ తెలుగులోనే నడిచేవి. పుస్తకాల్లోని తెలుగు వేరు, చావడి ముందు రైతు మాట్లాడే తెలుగు వేరు. ఆ రెండవ తెలుగు ఆయనకు వంటబట్టింది మన కడప గడ్డ మీదనే. తరువాతి కాలంలో ఆయన నిఘంటువులో కావ్యాల మాటల పక్కన సంత మాటలు, పొలం మాటలు కూడా చోటు చేసుకోవడానికి మూలం ఇక్కడే ఉన్నదని నా నమ్మకం.

కడపలో ఉన్నప్పుడే 1821లో ఆయన తన ఖర్చుతో ఉచిత పాఠశాలలు పెట్టారు. మచిలీపట్నం బదిలీ అయినాక అక్కడా పెట్టారు. ప్రభుత్వం పెట్టమన్నది కాదు, జీతంలో కలిపి ఇచ్చిందీ కాదు. ఈ అలవాటు ఆయనకు చివరిదాకా పోలేదు. చేతిలో డబ్బున్నా లేకపోయినా ముందు పని మొదలుపెట్టడం, తరువాత అప్పు చేయడం. లోకజ్ఞానం ఉన్నవాళ్ళు దీన్ని మెచ్చుకోరు. ఆయన స్నేహితులూ మెచ్చుకోలేదనే అనుకోవాలి.

వేమన విషయంలో మన పాఠకులు సంతోషించదగిన సంగతి ఒకటున్నది. అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి కతోలిక గురువు దక్షిణ దేశంలో ముప్ఫై ఏండ్లు మిషనరీగా ఉండి, ఇక్కడివారి ఆచార వ్యవహారాల మీద ఒక పెద్ద గ్రంథం రాశారు. మైసూరు రాజ్యంలో మశూచికి టీకాలు వేయించడంలో శ్రమపడినవాడు కూడా ఆయనే. ఆయన గ్రంథంలో వేమన ప్రస్తావన ఉన్నది. బ్రౌను అది చదివి, ఎవరీ వేమన అని వెదకడం మొదలుపెట్టారు. పండితులు పట్టించుకోని వేమన తాటాకులను ఊరూరా సేకరించి, పోల్చి చూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. దుబాయ్ గారు మన దేశస్థుల గురించి రాసిన వాటిలో కఠినమైన మాటలు, ఒప్పుకోలేని మాటలు చాలానే ఉన్నాయి. అయినా ఆయన పుస్తకంలోని ఒక చిన్న ప్రస్తావన మనకు వేమనను తిరిగి తెచ్చిపెట్టింది.

ఈ మధ్యలో 1826లో బ్రౌను మళ్ళీ కడప వచ్చారు. ఊరి బయట ఎర్రముక్కపల్లెలో తోటతో కూడిన ఒక బంగళా కొన్నారు. అక్కడ పండితులను, లేఖకులను పెట్టి ప్రతులు రాయించేవారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి మొదలైనవారు ఆయన దగ్గర పనిచేశారు. ఒకే కావ్యానికి నాలుగైదు తాటాకు ప్రతులు ఎదుట పెట్టుకొని, తప్పులు తీసి, మంచి పాఠం కాగితం మీదికి ఎక్కించడమే వారి పని. జనం దాన్ని బ్రౌను కాలేజీ అన్నారు. పండితుల జీతాలన్నీ దొరగారి సొంత సొమ్ము. ఆయన కడపలో లేని కాలంలో అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే ఆయన ఆ వ్యవహారమంతా చూసేవాడు. సాహిత్యసేవ సంగతి ఇంతటితో ఆపుదాం. దాన్ని గురించి పెద్దపెద్ద పుస్తకాలే వచ్చాయి.

ఇక 1832. తెలుగు లెక్కలో నందన సంవత్సరం.

అంతకు ముందటి ఏడే కృష్ణా తీరంలో పంటలు సరిగా లేవు. 1832 మే నెలలో మచిలీపట్నం, గుంటూరు ప్రాంతాల మీద పెద్ద తుపాను విరుచుకుపడింది. తుపాను అంటే మనకు ఒక రాత్రి గాలి, మరునాడు శవాలు గుర్తుకు వస్తాయి. అయితే దాని అసలు దెబ్బ నెలల తరువాత తెలుస్తుంది. మే నెలంటే దుక్కులకు ముందు కాలం. ఆ గాలివానకు పశువులు వేలాదిగా చచ్చాయి. ఎద్దు లేనివాడు తొలకరి వచ్చినా దున్నలేడు. దాచుకున్న విత్తనం తడిసి పాడైతే దున్నినా విత్తలేడు. ఇదంతా కాక ఆ ఏడు వానలే సరిగా పడలేదు. కార్తెలు ఒకటొకటిగా పోయాయి, ఈశాన్యపు వానలు కూడా మొండిచేయి చూపాయి. గాలివాన మొదలుపెట్టిన నాశనాన్ని అనావృష్టి పూర్తి చేసింది.

1833 నాటికి జనం ఊళ్ళు విడిచి రోడ్డెక్కారు. మద్రాసు పోతే గంజి దొరుకుతుందని ఆశ. మద్రాసులో 1782 నాటి కరువులో మొదలైన గంజి సత్రం ఒకటి ఉండేది. అదే పెరిగి పెరిగి తరువాత స్టాన్లీ ఆసుపత్రి అయినది, అక్కడి పాతకాలపు జనం దాన్ని కంజి తొట్టి ఆసుపత్రి అని పిలిచేవారు. కాని గుంటూరు నుండి మద్రాసుకు నడక సామాన్యమా? ఆ బాట పొడవునా పడి చచ్చిపోయినవాళ్ళకు లెక్క లేదు. గుంటూరు ప్రాంతంలో అప్పుడు సుమారు 5 లక్షల మంది జనం ఉంటే, వారిలో లక్షన్నర నుండి 2 లక్షల వరకు చనిపోయి ఉంటారని తరువాత అధికారులే అంచనా వేశారు. పశువుల్లో సగానికి పైగా పోయాయి. పల్లెలకు పల్లెలు ఖాళీ అయినాయి. నందన కరువు అంటే పెద్దవాళ్ళు మొన్నమొన్నటి వరకు భయంతో చెప్పుకొనేవారు. అరవై ఏండ్లకొకసారి వచ్చే ఆ నందన 1952లో వచ్చినప్పుడు మన రాయలసీమలోనూ గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చింది. ఇది సంవత్సరాల మహిమ అని నేను అనను. ఏ పేరు పెట్టుకున్నా మన సీమలో కరువు రాని పదేండ్లు లేవు.

ఆ రోజుల్లో బ్రౌను మచిలీపట్నం వైపు కంపెనీ కొలువులో ఉన్నారు. ఆకలితో అలమటించేవారికి సాయం చేయడంలో ముందు నిలిచిన కొద్దిమంది అధికారులలో ఆయన ఒకరు. అందువల్లే ఆ ప్రాంతపు జనం ఆయనను మెచ్చుకున్నారు. అదే పని కంపెనీ పెద్దలకు నచ్చలేదు. అన్నిటికన్నా వారికి కష్టం కలిగించినది ఆయన తన అధికార నివేదికలలో వాడిన ఒక మాట. అక్కడ జరుగుతున్నదాన్ని ఆయన కరువు అని రాశారు. ధాన్యపు కొరత అని రాయవలసింది, కరువు అని ఎందుకు రాశావని పైనుండి మందలింపు వచ్చింది.

ఇందులో ఏమున్నది, రెండూ ఒకటే కదా అని మనకు తోచవచ్చు. ఒకటి కాదు. కొరత అంటే బజారు సంగతి. ధర పెరుగుతుంది, వర్తకుడు ఎక్కడినుండో ధాన్యం తెస్తాడు, నాలుగు నాళ్ళలో సర్దుకుంటుంది, సర్కారు చేతులు కట్టుకొని కూర్చోవచ్చు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టకూడదనేదే ఆనాటి దొరతనం నమ్మిన సిద్ధాంతం. కరువు అంటే అలా కుదరదు. శిస్తు వదులుకోవాలి, ఖజానా నుండి డబ్బు తీయాలి, పని కల్పించాలి, గంజి పోయాలి. ఇంతమంది ఎందుకు చచ్చారని లండనులో ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. శిస్తు రాబడి మీద బ్రతికే కంపెనీకి ఆ మాట ఎందుకు కంటగింపు అయినదో దీనినిబట్టి తెలుసుకోవచ్చు.

బ్రౌను మాటలను తూచేవాడు. ఒక తెలుగు మాటకు సరియైన ఇంగ్లీషు మాట కోసం రోజుల తరబడి పండితులతో తర్కించేవాడు. అటువంటివాడికి ఈ రెండు మాటల మధ్య దూరం తెలియక పొరపాటున రాసి ఉంటాడని నేను నమ్మను. రోడ్డు పక్కన శవాలున్నప్పుడు కొరత అని రాయడం ఆయనకు అబద్ధం అనిపించి ఉంటుంది. తుపాను సహాయానికి, వరద సహాయానికి వెళ్ళి నష్టాల జాబితా రాసినవారికి ఈ సంకటం బాగా తెలుసు. గోడ ఒకటి నిలిచి ఉన్నది కాబట్టి ఇల్లు పాక్షికంగా దెబ్బతిన్నదని రాయాలా, కప్పు లేనప్పుడు అది ఇల్లే కాదని రాయాలా? పెన్సిలు పట్టుకున్నవాడు ఆ క్షణంలో ఏది రాస్తే ఆ కుటుంబానికి అదే దక్కుతుంది. బియ్యం మూట మోయడం కష్టమే. ఈ రాత పని దానికన్నా కష్టం, ఎందుకంటే దీనికి చప్పట్లు ఉండవు, పైగా ఎవరికో ఒకరికి కోపం వస్తుంది.

1834లో బ్రౌను కొలువు పోయింది. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయారు. కరువు అని రాసినందుకే ఉద్యోగం ఊడిందని కొందరు కథగా చెబుతారు. అంత సూటిగా ముడిపెట్టడం నాకు ఇష్టం లేదు. పైవారి ఆగ్రహం ఒక రోజులో పుట్టేది కాదు, ఒక్క మాటతో తీరేదీ కాదు. మందలింపు మాత్రం నిజం. ఆ మాట రాసిన చేతికి అప్పటికే అప్పులున్నాయన్నదీ నిజం. పండితుల జీతాలు, లేఖకుల కూలి, కాగితాల ఖరీదు, బడుల ఖర్చు అన్నీ కలిసి ఆయనను ముంచాయి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, దాచుకున్న సొమ్మూ లేదు.

లండనులో ఖాళీగా కూర్చోలేదు. ఇండియా హౌసు గ్రంథాలయంలో దక్షిణ భారత భాషల తాళపత్రాలు, రాతప్రతులు దుమ్ము కొట్టుకొని పడి ఉండటం ఆయన కంటబడింది. రెండు వేలకు పైగా ఉన్న ఆ ప్రతులను పట్టుబట్టి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశారు. 1837లో తానూ తిరిగి వచ్చారు. ఈసారి పారశీ అనువాదకుడి ఉద్యోగం, కొన్నేండ్లకు తపాలా శాఖ పెద్ద పదవి. 1840లో వ్యాకరణం అచ్చయినది. 1852 మొదలు 1854 వరకు నిఘంటువులు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. వాటిలో మిశ్రభాషా నిఘంటువు ఒకటి చిత్రమైనది. కచేరీ కాగితాల్లో తెలుగులో కలిసిపోయిన పారశీ, హిందూస్థానీ, ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పేది అది. అర్జీ రాయించుకొనే రైతుకూ, అర్జీ చదివే దొరకూ మధ్య ఏ మాట దగ్గర దారి తప్పుతుందో కడప చావడిలో చూసినవాడు గనుకనే అటువంటి పుస్తకం అవసరమని ఆయనకు తోచింది.

నందన కరువు మరొక విధంగా కూడా పని చేసింది. గుంటూరులో అంత నాశనం జరిగినప్పుడు పక్కనే కృష్ణానది సముద్రంలోకి వృథాగా పోతూ ఉన్నది కదా అనే ఆలోచన కొందరు అధికారులను వేధించింది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయినది. అదే సంవత్సరం బెజవాడలో కృష్ణకు మొదలుపెట్టిన ఆనకట్ట 1855లో ముగిసింది. బ్రౌను అదే 1855లో ఆరోగ్యం చెడి శాశ్వతంగా ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఆనకట్టతో డెల్టాకు కరువు భయం తీరింది గాని తుపాను భయం తీరలేదు. 1864 నవంబరు 1న మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేలకు పైగా పోయారు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మనకు తుపాను పరాయిది అనుకుంటుండగా, 2021లో సరిగ్గా అదే నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళను ముంచింది. ఆ వారంలోనే మన కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. బురదలో దిగి ఇళ్ళు కడిగిన యువకులు, నీళ్ళ క్యాన్లు, దుప్పట్లు మోసుకుపోయినవారు ఆ రోజులు మరచిపోరు. అక్కడ కూడా ఎవరి ఇల్లు జాబితాలోకి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్న గొడవే ఎక్కువ కాలం సాగింది.

కరువు అనే మాటకు చట్టంలో చోటు దొరకడానికి ఇంకా అర్ధ శతాబ్దం పట్టింది. 1876 నుండి 1878 వరకు నడిచిన ధాత కరువు మన కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలను ఊడ్చిపెట్టినాక, కరువు కమిషను వేసి, 1880లలో కరువు నిబంధనలు తయారు చేశారు. ఎప్పుడు కరువని ప్రకటించాలి, ప్రకటిస్తే ఏ పనులు పెట్టాలి, ఎవరికి ఊరికే గంజి పోయాలి అన్నది అందులో రాసుకున్నారు. నేటి కరువు మండలాల ప్రకటనకు తాతముత్తాత అదే. ఆ నిబంధనలు వచ్చేనాటికి బ్రౌను లండనులో ముసలివాడైనాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో కొంతకాలం తెలుగు బోధించారు. తన పాత పుస్తకాలకు దిద్దుబాట్లు రాసుకుంటూ కాలం గడిపారు. 1884 డిసెంబరు 12న మరణించారు. లండనులోనే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. ఆయన తెలుగు నిఘంటువును 1903లో మామిడి వెంకటరత్నం, లండన్ మిషనుకు చెందిన క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించి తిరిగి అచ్చు వేయించారు. నేడు మన చేతికి వచ్చేది ఎక్కువగా ఆ ప్రతే.

కడపలోని బంగళా చాలా కాలం పాడుపడి, మొండిగోడలు, పునాదులు మాత్రం మిగిలాయి. కంపచెట్లు మొలిచిన ఆ స్థలంలో గ్రంథాలయం కట్టాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏండ్ల తరబడి తిరిగారు. ఇంటింటికీ వెళ్ళి, విరాళాలు పోగుచేసి, కార్యాలయాల చుట్టూ తిరిగి చివరకు సాధించారు. ఆయన 2014లో మరణించారు. ఆ భవనం యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధీనంలో భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుండి పనిమీద కడప వెళ్ళేవారు ఒక గంట తీరిక చేసుకోవచ్చు. ఎర్రముక్కపల్లెలో బ్రౌను లైబ్రరీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.